ఏ నెలలో తీస్తారు?

చేతిలో కెమెరా, బుర్రలో కథ ఉన్న కుర్రాళ్లు ఎక్కడ కలిసినా నన్ను అడిగే మాట ఒకటే. "ఎక్కడ తీస్తే బావుంటుందండీ?" నేను ఎదురడిగేదీ ఒకటే. "ఏ నెలలో తీస్తారు బాబూ?" ఊరి పేరు చెప్పమంటే నెల పేరు అడుగుతాడేమిటని కాస్త తెల్లబోతారు. షూటింగులకు చోట్లు చూసిపెట్టే పనిలో తిరిగీ తిరిగీ నాకీ ప్రశ్న నోటికి పట్టేసింది. ఇది ఎందుకంత ముఖ్యమో ఇవాళ తీరుబడిగా చెప్పుకుందాం. కాఫీ పక్కన పెట్టుకోండి, కాస్త పొడుగు కబురే.

కోనసీమ అన్నాననుకోండి, మీ కళ్ల ముందు ఏం కదులుతుంది? నిండుగా పారే కాలువ, గట్టు మీద కొబ్బరిచెట్లు, అటూ ఇటూ పచ్చటి వరిచేలు. అంతేగా? ఆ బొమ్మ అబద్ధమేమీ కాదు. కాకపోతే అది ఏడాదంతా అక్కడ ఉండదు. సంక్రాంతి వెళ్లాక చూడండి. సార్వా, అంటే తొలి పంట, ధాన్యం ఇళ్లకూ మిల్లులకూ చేరిపోయి, దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు పడుతుంటాయి. మడి నిండా నీళ్లు, ఆ నీళ్లలో ఆకాశం, ఒంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్ల రంగురంగుల కోకలు. ఫిబ్రవరి నెలాఖరుకు నీళ్లు కనబడవు, చేను కమ్మేస్తుంది. అదే చోటికి ఏప్రిల్ నెలాఖరులో వెళ్లారా, కోసేసిన మోళ్లు, దుమ్ము, ఎండ. అన్నిటికంటే పెద్ద సంగతి, కాలువలు కట్టేసి ఉంటారు. డెల్టాలో పుట్టినవాడికి ఇది చెప్పక్కర్లేదు. వేసవిలో పైనుంచి నీళ్లు ఆపేసి పూడికలు తీస్తారు, లాకులు బాగుచేస్తారు, గట్లు కట్టుకుంటారు. మళ్లీ జూన్‌లో వదిలేదాకా కాలువ అడుగున బురద, పగిలిన కుండలు, పాత చెప్పులు, అక్కడక్కడా చిన్న గుంటల్లో చేపల కోసం తిరిగే కొంగలు. పడవ మీద పాట తీద్దామని హైదరాబాదు నుంచి బళ్లు కట్టుకుని మే నెలలో దిగిన యూనిట్లు వంతెన మీద నిలబడి ఎండిన కాలువలోకి చూసే చూపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. చోటు సరైనదే. నెల తప్పింది.

ఇక గోదారి సంగతి. ఆగస్టులో గోదారి ఎర్రగా, గట్లొరుసుకుంటూ, చెట్లకు చెట్లు మోసుకొస్తూ ఉంటుంది. ఆ నీటి ముందు నిలబెట్టి తీసిన కోపం సీనుకు వేరే హంగు అక్కర్లేదు. కానీ వరదలో పడవలు తిప్పనివ్వరు, తిప్పకూడదు కూడా. కార్తీకం వచ్చేసరికి నీరు తేటపడి, రేవుల్లో దీపాలు వదిలేవాళ్లతో నది ఇంకో మనిషైపోతుంది. ఎండాకాలానికి ఇసుకతిన్నెలు తేలి, లంకల మధ్య సన్నటి పాయలు మిగులుతాయి. ఒక్క నది మూడు లొకేషన్లు. అద్దె మాత్రం ఒకటే!

నెల తప్పితే ఎంత నష్టమో మన దేశంలో అందరికంటే బాగా తెలిసినాయన సత్యజిత్ రే. 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టింది 1952 అక్టోబరులో, మొట్టమొదట తీసింది రెల్లు పూలలో పిల్లలిద్దరూ రైలు చూడబోయే ఘట్టం. మనకూ శరత్కాలంలో ఏటిగట్ల మీద రెల్లు పూస్తుందిగా, అదే. ఒకరోజు తీసి, వారం తరవాత మిగతాది తీద్దామని వెళ్లేసరికి పూలన్నీ మాయం. పశువులు మేసేశాయి! అక్కడ సెట్టు వేయడానికి డబ్బూ లేదు, వేసినా ఆ గాలికి అలా ఊగే రెల్లు ఎక్కడ దొరుకుతుంది? రే ఏం చేశారు? మళ్లీ రెల్లు పూసేదాకా, అంటే మరుసటి ఏడు శరత్తుదాకా ఆగారు. 1955లో సినిమా వచ్చాక ప్రపంచమంతా మెచ్చుకున్న ఆ ఘట్టం వెనక ఒక పూత కోసం ఏడాది పట్టిన ఓపిక ఉంది. నాకు రే గారి మీద ఉన్న గౌరవంలో సగం ఆ ఆగడానికే.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 1967లో బాపుగారు తన మొదటి సినిమా 'సాక్షి' తీయడానికి మద్రాసు ఫ్లోర్లు వదిలేసి పులిదిండి వెళ్లిపోయారు. గోదావరి డెల్టాలో ఒక పల్లె అది. అప్పటికి తెలుగు సినిమాలో పల్లెటూరంటే ఎక్కువగా స్టూడియోలో కట్టిన అట్ట గోడలూ, గడ్డి కప్పూ. నిజం ఊళ్లో, నిజం గోదారి ఒడ్డున, ఎండలో, ఊరిజనం మధ్య తీసేసరికి తెర మీద గాలి వీచినట్టయింది. తరవాత 1973లో 'అందాల రాముడు' కోసం ఏకంగా కథనే లాంచీ ఎక్కించి గోదారి మీద భద్రాచలం దాకా నడిపించారు. 1975లో 'ముత్యాల ముగ్గు' వచ్చింది. ఛాయాగ్రహణానికి ఇషాన్ ఆర్యకు జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది. అదే గోదారి దారిలో 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' తీశారు. ఈ సినిమాలు వరసబెట్టి చూడండి, ఒక నది వయసు తెలుస్తుంది. ఈ మధ్యకాలంలో పోలవరం ప్రాజెక్టు వెనక నీళ్లు నిలిచి దేవీపట్నం లాంటి ఊళ్లు మునిగాయి. ఆ దారిలో తీసిన ప్రతి షాటూ ఇప్పుడు కథకు అవసరమైనదానికంటే పెద్ద పనే చేస్తోంది. లొకేషన్ ఎంచుకునేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోమని కుర్రాళ్లకు నేను ప్రత్యేకంగా చెబుతాను. మీరు తీసేది మీ కథ. దాని వెనకాల పడిపోయేది ఒక ఊరి రూపం, అది మళ్లీ దొరకకపోవచ్చు.

కుమారదేవం చెట్టు సంగతే తీసుకోండి. కొవ్వూరు పక్కన, గోదారి గట్టున ఉండేది. నిద్రగన్నేరు. నూటయాభై ఏళ్ల వయసు. ఊళ్లోవాళ్లు దాన్ని సినిమా చెట్టు అనే పిలిచేవారు. మూడొందల సినిమాలకు పైగా దాని కింద తీశారని చెప్పుకునేవారు. లెక్క ఎంతైనా కానివ్వండి, తెలుగు సినిమాలు చూసి పెరిగినవాడెవడూ ఆ చెట్టు చూడలేదని అనడానికి లేదు.

దర్శకులందరూ ఆ చెట్టు కిందికే ఎందుకు చేరేవారో కెమెరా పట్టినవాడికి ఇట్టే తెలిసేది. మొదలు లావుగా ఉండి, కొద్ది ఎత్తులోనే కొమ్మలు నలువైపులా చాచుకుని, గొడుగులా పరుచుకున్న చెట్టు. దూరం నుంచి తీస్తే మొత్తం చెట్టు ఫ్రేములో పట్టేది, కిందున్న మనిషీ కనబడేవాడు. ఒక పక్క నది, ఇంకో పక్క దారి. నిద్రగన్నేరు ఆకు చిన్నది. అంచేత మిట్టమధ్యాహ్నం కూడా దాని నీడ చిక్కటి నలుపు కాదు, జల్లెడ పట్టిన వెలుతురు. నటుల ముఖాల మీద మచ్చలు మచ్చలుగా ఎండ పడకుండా మెత్తగా దిగేది. పైన ఎండను మెత్తబరిచే గుడ్డ, అదే స్క్రిమ్, కట్టక్కర్లేదు, కింద రెఫ్లెక్టర్ ఒకటి పట్టుకుంటే చాలు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మిగతా చోట్ల షూటింగు ఆపుకుని కూచోవాలి, ఇక్కడ నడిచిపోయేది. నిర్మాతకు అది రోజుకు మూడు గంటల లాభం. అందమూ, ఆదాయమూ ఒకే చోట కలిసిన లొకేషన్ అది.

2024 ఆగస్టులో ఆ చెట్టు వానలకూ వరదకూ నానిపోయి కూలిపోయింది. పేపర్లు మనిషి పోయినట్టు రాశాయి. నాకది ఎక్కువ అనిపించలేదు. మళ్లీ బతికించాలని ప్రయత్నాలూ జరిగాయి. నేను అడిగేదల్లా ఇదీ: అన్ని సినిమాలు నీడ తీసుకున్న చెట్టు వేళ్లచుట్టూ మట్టి కోసుకుపోకుండా ఇంత గట్టు కట్టించడానికి ఆ సినిమాల ఖర్చులో ఎంత పోయేది?

సరే, వెలుతురు దగ్గరికి వచ్చాం కాబట్టి ఇంకో మాట. బొమ్మలో చూసి చోటు ఎంచుకునేవాళ్లు దిక్కులు చూడరు. విశాఖలో సముద్రం మీద సూర్యాస్తమయం తీయాలంటాడు ఒకబ్బాయి. నాయనా, మన సముద్రం తూర్పున ఉంది! అక్కడ సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. సాయంత్రం సముద్రంలో మునిగే సూర్యుడు కావాలంటే గోవానో, గోకర్ణమో పోవాలి. రెండూ కావాలంటే కన్యాకుమారి. పోనీ తెల్లవారుజామునే తీసి సాయంత్రమని నమ్మిద్దామంటారా, తీరం మీద ఆ వేళకు ఉండే మనుషులు వేరు. పొద్దున్నే వేటనుంచి వచ్చే తెప్పలు, వలలు దులుపుకునే జాలర్లు, నడకకొచ్చిన పెద్దలు. సాయంత్రం మొక్కజొన్నపొత్తులవాళ్లు, పిల్లలు, జంటలు. 'మరోచరిత్ర' 1978లో వచ్చింది, ఆ విశాఖ, ఆ భీమిలి ఇవాళ్టికీ జనానికి గుర్తున్నాయంటే బాలచందర్ గారు తీరాన్ని ఒట్టి తెరగా వాడుకోలేదు కాబట్టే.

మన దేశం ఎంత పెద్దదో, ఎన్ని రకాలదో లొకేషన్ల పని చేసేవాడికి క్యాలెండరు చూస్తే తెలుస్తుంది. కచ్ రణ్ వానాకాలంలో నీటి కింద ఉంటుంది, చలికాలానికి ఆరి తెల్లటి ఉప్పు పలక తేలుతుంది. లంబసింగిలో మంచు కావాలంటే డిసెంబరు, జనవరి, అదీ తెల్లారేలోపు. ఎండ మొహం చూపించిందా, మంచు లేదు, మీ సీనూ లేదు. కేరళలో అతిరప్పిళ్లి జలపాతం ఎనభై అడుగుల ఎత్తు. వర్షాకాలంలో హోరున దూకుతుంది, ఎండలు ముదిరాక పాయలుగా జారుతుంది. 'బాహుబలి'లో హీరో శివుడు ఎక్కిన కొండను ఆ జలపాతం మీదే గ్రాఫిక్స్‌తో పెంచారు. హిమాలయాల్లో కనుమలు చలికాలంలో మూసేస్తారు. మేఘాలయలో వానలప్పుడు జలపాతాలు బ్రహ్మాండంగా ఉంటాయి, కెమెరా బయటికి తీయడమే కష్టం. ఇవన్నీ ఇలా గబగబా చెప్పేస్తున్నాను గానీ, ఏ చోటుకైనా ఒకటే సూత్రం. ఏ నెలలో షూటింగో ఆ నెలలోనే రెక్కీకి, అంటే చోటు చూసిరావడానికి, వెళ్లాలి. కుదరకపోతే ఆ ఊరి ఆటోడ్రైవరుకో, చాయ్ కొట్టాయనకో ఫోన్ చేసి ఇవాళ ఎలా ఉందో వీడియో తీసి పంపమనండి. ఇంటర్నెట్టులో కనబడే బొమ్మ ఏ ఏడు, ఏ పూట, ఎన్ని రంగులు దిద్ది పెట్టిందో దేవుడికెరుక.

ఒక చోటును ఇంకో చోటుగా చూపించడం మాటేమిటని అడుగుతారు. చూపించొచ్చు. దానికీ ఒక పద్ధతుంది. 1992లో 'రోజా' తీసేటప్పుడు కశ్మీరులో తుపాకులు పేలుతున్నాయి. మణిరత్నం మనాలీ, కూనూరు, ఊటీ ప్రాంతాల్లో తీసి కశ్మీరుగా చూపించారు. ప్రాణాల మీదికి తెచ్చుకోవడం కంటే అదే మేలు. 'షోలే'లో ఉత్తరాది పల్లె రామ్‌గఢ్ ఉన్నది కర్ణాటకలో, రామనగర బండల మధ్య. ఊరినే కట్టారు, అక్కడికి రోడ్డు కూడా వేసుకున్నారు. 'పుష్ప' కథ శేషాచలం ఎర్రచందనం చుట్టూ తిరుగుతుంది, చెట్ల మధ్య తీసింది చాలావరకు మారేడుమిల్లి అడవిలో. నాలాంటివాడికి చూడగానే తేడా తెలుస్తుంది. శేషాచలం ఎండుకొండల అడవి, రాయి ఎక్కువ, వేసవికి ఆకు రాలుతుంది. మారేడుమిల్లి తడి అడవి, తీగలు, వెదుళ్లు, దట్టమైన పచ్చదనం. అయినా సినిమా నిలబడింది. ఎందుకంటారు? హీరో నోట చిత్తూరు యాస పలికింది కాబట్టి. చెట్టు వేరైనా ప్రేక్షకుడు క్షమిస్తాడు, మాట వేరైతే క్షమించడు. ఇది నేను గట్టిగా నమ్మే మాట. కొండను మార్చండి, అడవిని మార్చండి, కానీ ఆ మనిషి అన్నంలో ఏం కలుపుకుంటాడో, అత్తని ఏమని పిలుస్తాడో, చావింట్లో ఏ పూట ఏం చేస్తారో మార్చకండి.

ఒక్కోసారి నిజమైన చోటు ఉన్నా అక్కడ తీయడం కుదరదు, కుదిరినా న్యాయం కాదు. 2003లో వచ్చిన 'ఒక్కడు' కోసం చార్మినార్ సెట్టు వేశారు. అసలు చార్మినార్ దగ్గర రాత్రింబవళ్లు అంత జనంతో, లైట్లతో, ఫైట్లతో తీస్తే గాజులమ్మేవాళ్లూ తోపుడుబళ్లవాళ్లూ ఏమైపోవాలి? అదే సినిమాలో కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర తీసిన సీను మాత్రం నిజం బురుజు దగ్గరే. ఆ తరవాత కర్నూలు వెళ్లిన కుర్రాడెవడూ బురుజు ముందు ఫొటో దిగకుండా రాలేదు. 2018లో వచ్చిన 'రంగస్థలం' కోసం హైదరాబాదులో ఊరు కట్టారు. ఎనభైల్లో జరిగే కథ, ఇవాళ ఏ పల్లెలో కెమెరా ఎటు తిప్పినా సెల్ టవరు, డిష్ యాంటెన్నా, రంగురంగుల డాబాలు. కట్టడమే దారి. ఆ ఊరు నమ్మించిందంటే దాని వెనక నిజం ఊళ్లను కళ్లారా చూసిన కళాదర్శకుల చేయి ఉంది.

చెవుల సంగతి మరిచిపోతారు చాలామంది. లొకేషన్‌ని కళ్లతో చూసి వచ్చేస్తారు. డబ్బింగు చెప్పుకునే రోజుల్లో అది చెల్లింది. ఇప్పుడు చిన్న సినిమాలూ డాక్యుమెంటరీలూ అక్కడే మాట పట్టుకుంటున్నాయి కదా, మీరు రెక్కీలో ఒక మూల కూచుని కళ్లు మూసుకోండి. గుడి మైకు ఎన్నింటికి మొదలవుతుంది? రైసు మిల్లు ఏ గంటకు ఆగుతుంది? రైలు కట్ట ఎంత దూరం? పక్కింట్లో కట్టేసిన కుక్క ఉందా? కరెంటు పోతే ఎవరి జనరేటరు మోగుతుంది? గోదావరి జిల్లాల్లో చేలగట్టున ప్రశాంతంగా ఉందనుకుంటే, రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు రాత్రంతా ఝుమ్మని తిరుగుతూనే ఉంటాయి. వాటిని మీ షాటు కోసం ఆపమనకండి, ఆపితే రొయ్యకు గాలందదు, ఆ రైతు మునిగిపోతాడు. మీరే ఇంకో గట్టు చూసుకోవాలి.

అనుమతులు అంటారా, అది తొందరగా ముగిద్దాం. రక్షిత కట్టడాలుగా ప్రకటించిన పాత కోటలూ గుళ్లూ పురావస్తు శాఖ చేతిలో ఉంటాయి, అడవి అటవీ శాఖది, రైలు రైల్వేది, రోడ్డు మీద జనాన్ని ఆపాలంటే పోలీసులది. విదేశీ సినిమాల కోసం 2015లో కేంద్రం ఒక ఫిల్మ్ ఫెసిలిటేషన్ ఆఫీసు పెట్టింది, ఆ తరవాత మనవాళ్లకూ ఉపయోగపడుతోంది. డ్రోనుకు 2021 నియమాలున్నాయి. గ్రీన్ జోన్‌లో నాలుగొందల అడుగుల దాకా ఎగరేసుకోవచ్చు, విమానాశ్రయాల చుట్టూ, రక్షణ స్థావరాల దగ్గర అనుమతి లేకుండా కుదరదు. విశాఖలో నౌకాదళం ఉందన్న సంగతి గుర్తుంచుకోండి. నాగాలాండ్, మిజోరం, అరుణాచల్ వెళ్లాలంటే మన దేశస్థులకైనా ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. అండమాన్‌లో జారవాలను కెమెరాలో పట్టడం చట్టరీత్యా నేరం. నేరం కాకపోయినా పట్టకూడదు.

ఈ చివరి ముక్క దగ్గర కాసేపు ఆగాలి. కాగితం మీద అనుమతి దొరికినంత మాత్రాన ఆ చోటు మనదైపోదు. అరకులో ధింసా ఆడించి పాటలో పెట్టుకునేవాళ్లను చూస్తున్నాం. వాళ్ల దరువు వాళ్లు వేస్తుంటే మధ్యలో ఆపి, ఇంకాస్త నవ్వమ్మా అని, సిటీనుంచి తెచ్చిన రంగు చీరలు కట్టించి, సాయంత్రానికి చేతిలో ఏదో పెట్టి పంపేస్తారు. హీరోయిన్ వెనక ఆడే జూనియర్ ఆర్టిస్టుకు రేటుంది, భోజనముంది, రోజుఖర్చుకు బేటా ఉంది. కొండమీద నుంచి నడిచొచ్చిన ఆడబిడ్డలకు అవే ఎందుకు ఉండకూడదు? ఆదిలాబాదు జిల్లా కేస్లాపూర్‌లో పుష్యమాసం అమావాస్యకు నాగోబా జాతర. మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్లు తెచ్చి పూజ చేస్తారు. అది దృశ్యంగా అద్భుతమే. కానీ అది వాళ్ల పూజ. కెమెరాతో వెళ్లేవాడు ముందు పెద్దల దగ్గర కూచుని, ఎక్కడిదాకా రావచ్చు, ఎక్కడ ఆగాలో అడిగి తెలుసుకోవాలి. వద్దన్నచోట వద్దు. ఇంకో టేక్ అన్న మాట దేవుడి ముందు చెల్లదు.

అరకులో జరిగేదానికి ఎదురు ఉదాహరణ విశాఖలోని కంచరపాలెం. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' వెంకటేశ్ మహా తీసినప్పుడు నటుల్లో చాలామంది ఆ పేటవాళ్లే. లొకేషన్ వెతుక్కుంటూ వెళ్లి మనుషుల్ని కనుక్కున్న సినిమా అది. వాళ్ల గుమ్మాలు, వాళ్ల మెట్లు, వాళ్ల మాట. అందుకే అందులో ఏ గోడా అరువు తెచ్చినట్టుండదు. 2023లో వచ్చిన 'బలగం'ను వేణు ఎల్దండి సిరిసిల్ల ప్రాంతపు ఊళ్లో తీశారు. చావు, మూడోరోజు, పదకొండోరోజు, కాకి ముట్టడం. ఆ వాకిలి, ఆ అరుగు వేరే జిల్లాలోవైతే కథ సగమే పలికేది.

ఇక డబ్బు చిన్నదైనా పెద్దదైనా అందరూ చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. బసకూ లొకేషనుకూ మధ్య దూరం ఎంత? గంట దాటితే ఆ రోజు రెండు గంటలు రోడ్డు మీదే. యూనిట్‌లో ఆడవాళ్లకు బాత్రూమ్ ఎక్కడ? ఇది అడగని రెక్కీని నేను రెక్కీ అనను. కారవాన్ ఒక్క హీరోయిన్‌కే ఉంటే మేకప్ అసిస్టెంటు, డ్యాన్సర్లు, వంటమనిషి ఎక్కడికి పోవాలి? ఊళ్లో ఒక ఇంటావిడతో ముందే మాట్లాడుకుని, వాడుకున్నందుకు ఆమెకు విడిగా డబ్బివ్వండి. దగ్గర్లో ఆసుపత్రి ఏది, పాముకాటు మందు ఉందా, ఫోన్ సిగ్నల్ ఏ మలుపు దాకా వస్తుంది? పాపికొండల వైపు, నల్లమల వైపు వెళ్లేవాళ్లకు ఇవి సీన్ పేపరు కంటే ముందు కావాలి. నదిలో దిగే సీనైతే ఆ రేవులో పుట్టి పెరిగిన పడవవాణ్ని పక్కన పెట్టుకోండి. సుడి ఎక్కడుందో ఏ మ్యాపులోనూ ఉండదు. దిగొద్దని అతను అన్నాడంటే ఆ సీను గట్టుమీదకు మార్చుకోండి, డైరెక్టరు ఎంత పేరున్నవాడైనా సరే.

మీ సినిమా బాగా ఆడితే ఆ చోటికి ఏమవుతుందో కూడా ముందే ఆలోచించాలి. 2009లో '3 ఇడియట్స్' చివర్లో పాంగాంగ్ సరస్సు కనబడింది. పద్నాలుగు వేల అడుగుల ఎత్తున, ఎవరికీ పట్టని ఉప్పునీటి సరస్సు. ఆ తరవాత కార్ల మీద కార్లు, గుడారాలు, సినిమాలోలాంటి పసుపు స్కూటర్లతో ఫొటోలు. అంత ఎత్తులో, అంత చలిలో చెత్త తొందరగా కుళ్లదు. లద్దాఖ్‌వాళ్లకు బతుకుతెరువు దొరికిందన్నదీ నిజమే, కాదనను. కానీ చిన్న జలపాతం, ఒక ఊరి చెరువు, పక్షులు గూళ్లు పెట్టే చెట్టు లాంటివి దొరికినప్పుడు తెర మీద పేరు వేయకుండా ఉంచడం కూడా మంచి పనే. కొల్లేరులో ఆటపాక గూడబాతుల దగ్గర తీసేవాళ్లకు నేను ఇదే చెబుతాను. గూళ్లున్న కాలంలో డ్రోన్ ఎగరేయకండి, పక్షి బెదిరి లేస్తే గుడ్లు ఎండకో కాకికో పోతాయి. దూరం నుంచి పెద్ద లెన్సుతో తీయండి, చాలు.

ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. ప్యాకప్ అన్న తరవాత ఒక గంట కాల్షీట్‌లోనే రాసుకోండి. చెట్టుకు కొట్టిన మేకులు పీకడానికి, గోడకు పూసిన రంగు కడగడానికి, ప్లాస్టిక్ గ్లాసులు ఏరడానికి, ఇల్లిచ్చినావిడ చిలక్కొయ్యకు తగిలించిన దేవుడి పటం మళ్లీ అక్కడే తగిలించడానికి. ఇది అసిస్టెంట్లకు వదిలేసి డైరెక్టరు కారెక్కకూడదు. పడవవాడికీ పశువుల కాపరికీ మాట ఇచ్చిన డబ్బు ఆ పూటే చేతిలో పెట్టాలి, రేపు ఆఫీసుకు రమ్మనకూడదు. సినిమా పూర్తయ్యాక తీసిన ఊళ్లోనే ఒక ఆట వేయండి. 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. మీది పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ అయినా ఫరవాలేదు. పంచాయతీ ఆఫీసు తెల్లగోడ, అద్దె ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు. సర్పంచికి ముందు రోజే చెప్పి, బడిపిల్లల పరీక్షలు లేని రోజు చూసుకుని, బాగా చీకటి పడ్డాక మొదలుపెట్టండి. నాట్లో కోతలో ఉన్న వారంలో పెట్టకండి, పొద్దంతా ఒంగి వచ్చినవాళ్లు రాత్రి కూచోలేరు.